నాలుక కింద

మరకైబోలో ఎసిటమినోఫెన్ అనేదాన్ని.
కొన్సెప్సియోన్‌లో పారసిటమాల్ అనాలి.
భాష ఒకటే, స్పానిష్.
మందూ ఒకటే, తెల్లగా, గుండ్రంగా, మధ్యలో గీతతో.
గీతకి అటు పదకొండేళ్ళు నేను ఫార్మసిస్టుని.
ఇటు షాంపూల వరసలో మనిషిని.
మైగువాలిదా అని పూర్తిగా పిలిచే తీరిక
ఇక్కడెవరికీ లేదు. మైగు చాలన్నారు.

ఫార్మకాలజీ ఎన్ని గంటలు చదివారని అడిగారు యూనివర్సిటీ వారు.
గంటలు లెక్కగట్టి, సంతకంతో, ముద్రతో,
ముద్ర అసలుదేనని చెప్పే ఇంకో ముద్రతో పంపాలట.
మా కాలేజీ ఆఫీసులో కరెంటు వారానికి రెండు రోజులు.
నా స్నేహితురాలు యొలాయ్దా మూడుసార్లు తిరిగింది.
నాలుగోసారి ప్రింటరు సిరా కూడా
తనే కొనుక్కుని వెళ్ళింది,
నా మార్కులు అచ్చు కావడానికి.

ఎంత పాడు చేతిరాతైనా చదవగలను.
కోడి కెలికినట్టు రాసే గుండె డాక్టర్లు,
కాగితం అంచు దాటి పడిపోయే పళ్ళ డాక్టర్లు,
అందరినీ చదివాను.
చక్కగా అచ్చేసిన ఈ ఒక్క వాక్యమే కొరుకుడు పడదు:
‘మీ దరఖాస్తు పరిశీలనలో ఉన్నది.’
నుదుటి రాత కూడా
ఇంతే మర్యాదగా ఉంటుందేమో.

ఒక సోమవారం. వాన అడ్డంగా కొడుతోంది.
డోన్యా ఒర్తెన్సియా గొడుగు ముడిచి కౌంటరు దగ్గర నిలబడింది.
రక్తం పలచబడడానికి ఆవిడ రోజూ పావు మాత్ర వేసుకుంటుంది.
సబ్బు కొన్నప్పుడు నాతో చెప్పింది,
ముంజేతి మీద నీలం మచ్చ చూపించి.
ఇవాళ చీటీలో ఫ్లుకొనజోల్.
రెనాటో డబ్బా తీశాడు. స్కానరు కూసింది.

నా గొంతులో వెలక్కాయ.
చెబితే గీత దాటినట్టు.
చెప్పకపోతే?
థర్మామీటర్ల దుమ్ము తుడుస్తూ, తుడుస్తూ దగ్గరికి జరిగి
"రెనాటో, నా పరీక్షకి ఒక సందేహం" అన్నాను బడిపిల్లలా.
"అసెనోకుమరాల్ వాడేవాళ్ళకి ఇది ఇస్తే ఏమవుతుంది?"
"రక్తం ఆగదు, అది మొదటి సంవత్సరం పాఠం" అని నవ్వబోయి
ఆగాడు.
ఆవిడ వైపు చూశాడు.
"అమ్మా, మీరింకేమైనా మందులు..."

డాక్టరుకి ఫోన్ చేస్తున్నప్పుడు అతని చెవులు ఎర్రబడ్డాయి.
నేను షాంపూల దగ్గరికి వచ్చేశాను.
చుండ్రువి ఎడమ పక్క, పిల్లలవి కుడి.

షట్టరు దించుతూ అన్నాడు:
"సందేహాలుంటే అడుగుతూ ఉండండి."
ఆ రోజు ‘నువ్వు’ నుంచి ‘మీరు’ అయ్యాను.
జీతం మారలేదు.

కొన్ని మాత్రలు మింగకూడదు.
నాలుక కింద పెట్టుకుని నోరు మూసుకోవాలి,
కరిగేదాకా.
రెండేళ్ళ ఏడు నెలలు.
మొదటిసారి చట్టం పేపర్లో తప్పాను, మూడు మార్కులకి.
మత్తుమందుల బీరువాకి తాళాలెన్ని అని అడిగారు.
రోజూ దాని కాళ్ళ చుట్టూ తుడిచేదాన్ని,
తలెత్తి ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

ఇప్పుడా తాళంచెవులు నా జేబులో.
కోటు మీద పేరు పూర్తిగా ఉంది,
చివరి అక్షరాలు చోటు చాలక ఒరుసుకున్నాయి.
మొదటి మధ్యాహ్నం ఒకతను వచ్చాడు,
చంకలో డెలివరీ హెల్మెట్, దాన్నుంచి కారుతున్న నీళ్ళు.
పాపకి జ్వరం.
"ఎసిటమినోఫెన్ ఉందా?"
ఆ యాస! మా సరస్సు ఒడ్డుది, నిప్పులాంటి ఎండది.

"పారసిటమాల్ అంటారండీ ఇక్కడ" అంది నా నోరు,
నన్నడక్కుండానే.

నాలుక కరుచుకున్నాను.
పాప బరువెంత అని అడిగాను,
ఈసారి మా ఊరి యాసలో.
"తొమ్మిది కిలోలు" అన్నాడతను,
ఇక్కడి యాసలో,
జాగ్రత్తగా.